మొదటి బిడ్డకు వేరే కార్డు

ఊళ్లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆసుపత్రి హాజరు పుస్తకంలో ఏదో పేరు ఉండే ఉంటుంది గానీ, బయట అందరికీ ఆవిడ పెద్ద నర్సమ్మ. కూరగాయల కొట్టు దగ్గర్నుంచి కోర్టు మెట్ల దాకా ఆవిడ నడిచి వెళితే నమస్కారం పెట్టని చెయ్యి ఉండదు. ఎలా పెట్టకుండా ఉంటారు? ఆ చేతులు పిడికిళ్లు బిగించుకుని భూమ్మీద పడ్డప్పుడు, వేలు వేలూ విప్పి చూసింది ఆవిడే కదా.

ఆవిడ చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పూట చాలదు. వరదొచ్చిన ఏడాది వార్డులోకి మోకాళ్ల లోతు నీళ్లొస్తే, పక్క బడిలోంచి బల్లలు తెప్పించి, రెండు జతచేసి, వాటి మీద కాన్పు చేసింది. బస్సులో ఒకామెకు నొప్పులొస్తే, దారిలోనే బస్సు ఆపించి, మగవాళ్లందరినీ కిందికి దింపి, డ్రైవరును మాత్రం వెనక్కి తిరిగావో జాగ్రత్త అని సీట్లో కూర్చోబెట్టి, కవలలకు పురుడు పోసింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలు ఇవాళ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో హెడ్ నర్సులు. పై అధికారులు ఇచ్చిన ప్రశంసాపత్రం ఆవిడ ఇంటి హాల్లో అద్దం బిగించి ఉంది, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఒక్క సంగతి ఒక ఎత్తు. ఆవిడ పనిచేసినన్నాళ్లూ ఆ వార్డులో ఒక్క బిడ్డ తారుమారు కాలేదు. బిడ్డను తుడిచీ తుడవగానే తెల్ల ప్లాస్టరు ముక్క ఒకటి కత్తిరించి, దాని మీద తల్లి పేరు రాసి, చీలమండకు చుట్టేది. తూచేముందు అదే, తండ్రికి చూపించే ముందు అదే. డాక్టరుగారు ఎంత తొందరపెట్టినా ఆ చీటీ చుట్టందే బిడ్డ ఆవిడ చేతిలోంచి కదిలేది కాదు. ఆ ప్లాస్టరే ఒకరోజు ఆవిణ్ణి ముప్పుతిప్పలు పెట్టింది. ఆ కథే ఇది.

రిటైరైన రోజున శిష్యురాళ్లంతా కలిసి ఆవిడకు అరచేతిలో పట్టే డిజిటల్ కెమెరా ఒకటి బహుమతిగా ఇచ్చారు. పూలూ పళ్లూ తీసుకుంటారనుకుని ఇచ్చారు వాళ్లు. ఆవిడ ఆ కెమెరా సంచిలో వేసుకుని, తన చేతిలో పుట్టినవాళ్లందరి ఫోటోలూ తీయడం మొదలుపెట్టింది. క్షౌరశాలలో దువ్వెనతో సహా మంగలిని తీసింది. కొలిమి ముందు కమ్మరిని తీసింది. బ్యాంకులోకి నేరుగా వెళ్లి, మేనేజరును లేపి నిలబెట్టి, "గడ్డం కాస్త పైకెత్తు నాయనా, ఆ పుట్టుమచ్చ పడాలి. నువ్వు పుట్టగానే ఏడవలేదు తెలుసా? వీపు మీద రెండు వేస్తే గానీ నోరు విప్పలేదు" అంది. గుమాస్తాలంతా తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. మేనేజరు మాత్రం బుద్ధిగా గడ్డం ఎత్తాడు.

ఆ ఫోటోలన్నిటిలో ఒక్కటి తక్కువ. మొట్టమొదటి బిడ్డది.

ఆవిడ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. డాక్టరు పొరుగూరు వెళ్లాడు, పెద్ద సిస్టరు సెలవులో ఉంది. సాయంత్రం పూట నొప్పులతో ఒకామె వచ్చింది. అంతలో కరెంటు పోయింది. ఆమె భర్త చేతికి టార్చిలైటు ఇచ్చి పట్టుకోమంది. ఆయన చెయ్యి వణికి వెలుగు గోడ మీదా, పైకప్పు మీదా తిరుగుతోంది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. లాగితే బిగుస్తుంది. ఎవరూ చెప్పేవాళ్లు లేరు. ఆవిడే తలను కొద్దిగా వెనక్కి ఆనించి, పేగు కింద వేలు దూర్చి, మెల్లగా తల మీదుగా తప్పించింది. మగబిడ్డ కేరుమన్నాడు. తాను నర్సునని ఆవిడకు ఆ కేకతోనే నమ్మకం కుదిరింది. ఆ తర్వాత ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. ఎక్కడున్నారో ఎవరికీ తెలియలేదు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది ఎవరివల్ల అన్నదాని మీద ఆవిడకూ భర్తకూ ఈనాటికీ పోరే. ఆయన రిటైరైన లైన్‌మేన్. అప్పటికింకా వాళ్లకు పెళ్లి కాలేదు గానీ, ఆసుపత్రి వీధి స్తంభం మీద ఆ పూట ఉన్నది ఆయనే.

"తీగ తెగింది, నేను తెంపలేదు" అంటాడాయన.

"మీరు ఎక్కేదాకా బాగానే ఉంది కదండీ తీగ" అంటుందావిడ.

ఒకనాడు పొద్దున్నే స్టేషను మాస్టరు ఫోను చేశాడు. అతనూ ఆవిడ చేతిలో పుట్టినవాడే.

"పెద్దమ్మా, మీరు ఎప్పుడూ అడుగుతుంటారే, మీ మొదటి బిడ్డ. దొరికాడు. గూడ్సు బండి డ్రైవరట. ఫోన్లో మాటల మధ్యలో పుట్టిందెక్కడంటే మన ఆసుపత్రి పేరు చెప్పాడు. కరెంటు పోయిన కథ కూడా చెప్పాడు, ఇంక అనుమానం లేదు."

పెద్ద నర్సమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. "ఎక్కడున్నాడు?"

"అతని లైను ఇది కాదు. ఎవరో సెలవు పెడితే బదులు వస్తున్నాడు. రేపు సాయంత్రం బండి మన స్టేషన్లో ఆగుతుంది, వెనక ఎక్స్‌ప్రెస్సు దాటేదాకా. తర్వాత మళ్లీ తన లైనుకు వెళ్లిపోతాడు. ఇటు రావడమంటే ఇంకెప్పుడో చెప్పలేం. ఒక్క మాట పెద్దమ్మా, సిగ్నలు పడ్డాక మాత్రం నేను ఆపలేను."

"నా కోసం బండి ఆపమని ఎవరడిగారు? నా పని నేను ఆ లోపలే చేసుకుంటాను" అందావిడ.

ఫోను పెట్టేసి కెమెరా తీసింది. బొత్తాం నొక్కితే తెర మీద కార్డు నిండిపోయిందని అక్షరాలు వచ్చాయి. కెమెరాతోపాటు ఇచ్చిన చిన్న కార్డు అది. ఊళ్లో జనాభాకు అదెక్కడ సరిపోతుంది?

"పాతవి కొన్ని చెరిపెయ్యరాదూ?" అన్నాడు భర్త.

"ఎవర్ని చెరపమంటారు? చెప్పండి. నా పిల్లల్లో ఎవరు అక్కర్లేదో మీరే చెప్పండి."

ఆయన చెప్పులేసుకుని ఆవిడ వెనకాలే బయల్దేరాడు.

కెమెరాల షాపు బస్టాండు వెనక సందులో ఉంది. అద్దాల బల్ల వెనక గోడకు కొక్కేలు, కొక్కేలకు అట్ట కవర్లలో మెమరీ కార్డులు వేలాడుతున్నాయి. షాపాయన ముందు కెమెరా అడిగి తీసుకుని, అడుగున తలుపు తెరిచి చూశాడు.

"పాత మోడలమ్మా ఇది. ఇప్పుడొస్తున్న మరీ పెద్ద కార్డులు దీనికి అర్థం కావు. ముప్పై రెండు జీబీ దాకా తీసుకుంటుంది. ఇదిగో, ఇదొక్కటి వేసుకోండి, మీ ఊరంతా పట్టేస్తుంది."

"ఊరంతా ఒక్కదాంట్లోనా?"

"వేలల్లో పడతాయమ్మా."

"ఉయ్యాల పెద్దది కదాని వార్డులో పిల్లలందర్నీ ఒక్కదాంట్లో పడుకోబెడతానా బాబూ? తాడు తెగితే?"

"అదీ నిజమేలెండి. కార్డు పోతే అన్నీ పోతాయి. అయితే ఎనిమిది జీబీవి నాలుగు తీసుకోండి. ఒకటి పోయినా మిగతావి ఉంటాయి."

"ఆ ఎర్రదేమిటి?"

"అది మంచి స్పీడు కార్డు. వీడియోలకి, పరిగెత్తేవాళ్లను వరసగా తీయడానికి."

"నా పిల్లలు నిలబడమంటే నిలబడతారు. నాకు స్పీడు అక్కర్లేదు. అవేంటి, ఆ పళ్లెంలో కవరు లేకుండా?"

షాపాయన కొంచెం నసిగాడు. "అవి మీకొద్దమ్మా. ఎక్కడివో తెలీదు. పైన రాసిందొకటి, లోపల పట్టేదొకటి. తీసినంతసేపూ బాగానే ఉంటుంది, తర్వాత చూసుకుంటే సగం ఫోటోలుండవు."

"మరెందుకు పెట్టావు?"

"చవగ్గా కావాలని అడిగేవాళ్లున్నారు."

"ఒకావిడ కూతురి పుట్టినరోజు ఫోటోలు పోతే ఆ ఉసురు నీకు అవసరమా?"

ఆయన ఏమనుకున్నాడో, పళ్లెం తీసి బల్ల కింద పెట్టాడు. తర్వాత కవరు చించి, లోపలి చిన్న ప్లాస్టిక్ డబ్బాలోంచి కార్డు తీసి, ఎలా పెట్టాలో చూపించాడు. కెమెరా ఆపాకే తీయాలి, క్లిక్కుమనేదాకా నొక్కాలి, తీయాలంటే మళ్లీ కొంచెం లోపలికి నొక్కి వదలాలి, అదే పైకొస్తుంది. వెనకవైపు బంగారు గీతల మీద మాత్రం వేలు పెట్టకూడదు. ఆవిడ శ్రద్ధగా వింది. రెండుసార్లు తనే పెట్టి తీసి చూసింది.

"బాగా చెప్పావు. నువ్వెవరి కొడుకువి నాయనా? నాకు గుర్తు రావడంలేదు."

"మాది ఈ ఊరు కాదమ్మా. పెళ్లయ్యాక వచ్చాను."

"అదీ సంగతి" అంది ఆవిడ, ఏదో లోపం కనిపెట్టినట్టు. భర్త అటు తిరిగి దగ్గాడు.

ఇంటికి రాగానే కార్డులు నాలుగూ భోజనాల బల్ల మీద వరసగా పేర్చింది. పాత వార్డులో పుట్టినవాళ్లకొకటి, కొత్త వార్డువాళ్లకొకటి, ఇళ్లలో పుట్టినవాళ్లకొకటి. నాలుగోది మొదటి బిడ్డకు. ప్లాస్టరు చుట్టా, చిన్న కత్తెరా, కలమూ తెచ్చుకుని కూర్చుంది.

"వాటిక్కూడా పురుడు పోస్తున్నావా?" అన్నాడు భర్త.

"నాలుగూ నల్లగా ఒకేలా ఉన్నాయి. రేపు తారుమారైతే?"

బంగారు గీతలు తగలకుండా, ముందువైపు మాత్రమే, అంచుల దగ్గర నీటుగా మడిచి ప్లాస్టరు అంటించింది. షాపాయన చెప్పిన మాట అక్షరాలా పాటించింది. అంటించుకోమని ఆయన చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఇలా చేసేవాళ్లుంటారని ఆయనకేం తెలుసు? నాలుగో కార్డు దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. మొదటి బిడ్డ కదా. ఒక పొర మీద ఇంకో పొర వేసి, 'తొలి బిడ్డ' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. పసిబిడ్డ కాలికైతే రెండు పొరలు ముద్దుగానే ఉంటాయి.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ స్టేషనుకు ముందే చేరారు. దారిలో ఎవరో ఒకరు పలకరించకుండా ఉండరు కాబట్టి, ఇంట్లోంచి మరీ ముందే బయల్దేరారు. ప్లాట్‌ఫారం మీద మూటల దగ్గర కూర్చున్న కూలీని, కొత్త వార్డు కార్డు పెట్టి, ఫోటో తీసింది. చీటీ ఉన్నా ఆ కార్డు బాగానే ఎక్కింది, కాకపోతే కాస్త బిర్రుగా. తీసేటప్పుడు కూడా ఆగి ఆగి వచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు.

దూరంగా గూడ్సు బండి కూత వినపడింది. ఆవిడ తొలి బిడ్డ కార్డు తీసి కెమెరాలోకి నెట్టింది. సగం వెళ్లింది. ఇంకొంచెం నెట్టింది. క్లిక్కుమనలేదు, ఆగిపోయింది. వెనక్కి రావడం లేదు, ముందుకు పోవడం లేదు. తలుపు మూసుకోదు, కెమెరా వెలగదు.

"ఇటివ్వు" అన్నాడు భర్త. జేబులోంచి చిన్న పట్టకారు తీశాడు. రిటైరైనా ఆయన జేబులో పట్టకారు లేకుండా గడప దాటడు. "ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది."

"లాగితే విరుగుతుంది. కార్డూ పోతుంది, కెమెరా పోతుంది. దాన్ని ముట్టుకోకండి."

"మరేం చేద్దామంటావు? బండి వచ్చేసింది."

బండి నిజంగానే వచ్చేసింది. ఇంజను ప్లాట్‌ఫారం కొసన ఆగింది. స్టేషను మాస్టరు అక్కడికి పరుగులాంటి నడకతో వెళ్లి ఏదో చెప్పాడు. ఇంజను నిచ్చెన దిగి, నూనె మరకల యూనిఫాంలో, నెరిసిన మీసాలతో ఒక మనిషి ఇటే వచ్చాడు. చేతులు రెండూ జోడించి నిలబడ్డాడు.

"అమ్మా, నేను. గుర్తుపడతారో లేదో."

ఆవిడ ఒక్కసారి తలెత్తి చూసింది. అవే చెవులు. తండ్రి చెవులు. ఆ సాయంత్రం టార్చి వెలుగులో ఎర్రగా మెరిసిన చెవులు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఆవిడ మాట తొణకలేదు.

"మాటలు తర్వాత నాయనా. టార్చిలైటుందా నీ దగ్గర?"

"ఉందమ్మా. డ్యూటీలో ఎప్పుడూ ఉంటుంది."

"ఇక్కడ పట్టు. ఈ సందులోకి."

డ్రైవరు ఆవిడ పక్కన వంగి, టార్చి వెలిగించాడు. బెంచీ మీద ఆవిడ, ఒళ్లో తలకిందులుగా కెమెరా. రేకుల షెడ్డు నీడలో ఆ సన్నటి సందు చీకటిగా ఉంది. వెలుగు ఒకచోట నిలవడం లేదు.

"చెయ్యి కదపకురా. మీ నాన్న కూడా ఇట్లాగే వణికించాడు" అందావిడ.

డ్రైవరు నవ్వాడు. నవ్వుతోనే చెయ్యి నిలకడైంది. వెలుగులో సంగతి కనపడింది. పై పొర ప్లాస్టరు అంచు చుట్టుకుపోయి, కార్డుకూ సందు గోడకూ మధ్య ఉండలా ఇరుక్కుంది. లాగినకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. ఆవిడకు ఆ బిగింపు కొత్త కాదు.

"వెనక ఎక్స్‌ప్రెస్సు వచ్చేస్తోంది పెద్దమ్మా" అన్నాడు స్టేషను మాస్టరు, గడియారం వంక చూస్తూ.

"రానీ. నీ పని నువ్వు చేసుకో, నా పని నన్ను చేసుకోనీ."

జడలోంచి పిన్ను తీసింది. కార్డును వెనక్కి లాగలేదు, ముందు వేలితో వెంట్రుకవాసి లోపలికి నెట్టింది. ఆ నెట్టుతో ఉండ కొంచెం వదులైంది. పిన్ను కొనతో ఆ ప్లాస్టరు అంచును కిందికి ఒత్తి, మెల్లగా ఒక పక్కకు తప్పించింది. ఎక్స్‌ప్రెస్సు పక్క లైనులో దడదడమంటూ దూసుకుపోయింది. ప్లాట్‌ఫారం అంతా దుమ్మూ గాలీ. ఆవిడ వీపు తిప్పి కెమెరా మీద వంగిందే గానీ వేలు కదల్లేదు. ఆఖరి పెట్టె దాటిపోయాక వేలు తీసింది.

టిక్కుమంది. కార్డు దానంతటదే పైకొచ్చింది.

"తల్లీ బిడ్డా క్షేమం" అన్నాడు భర్త, పట్టకారు జేబులో పెట్టుకుంటూ.

ఆవిడ ప్లాస్టరు రెండు పొరలూ ఒక్క గుంజుతో ఊడబీకింది. చేతిరుమాలుతో జిగురు తుడిచింది. అవతల సిగ్నలు రంగు మారింది. ఇంజన్లోంచి అసిస్టెంటు పిలుస్తున్నాడు. డ్రైవరు అటు చూసి, ఇటు చూసి, కదలకుండా నిలబడ్డాడు.

"వెళ్లు నాయనా, నడువు. నేనూ వస్తాను" అంది ఆవిడ. నడుస్తూనే బోసి కార్డును లోపలికి నొక్కింది. క్లిక్కుమంది. తలుపు మూసింది. కెమెరా వెలిగింది.

"చీటీ లేకుండా పెట్టేశావే. తారుమారైతే?" అన్నాడు వెనకనుంచి భర్త.

"వీడెవడో నేను చీటీ చూసి తెలుసుకోవాలా?"

డ్రైవరు ఇంజను నిచ్చెన రెండో మెట్టు మీద ఆగి, కడ్డీ పట్టుకుని ఇటు తిరిగాడు. రెండో చేతిలో టార్చి ఉంది. ఆర్పడం మరిచిపోయాడు.

"కదలకు" అంది పెద్ద నర్సమ్మ.

అన్ని టన్నుల బండిని నడిపే మనిషి, పసివాడిలా ఊపిరి కూడా ఆపి నిలబడ్డాడు. ఆవిడ తీసింది. మళ్లీ ఒకటి తీసింది. తెర మీద చూసుకుని, సరే వెళ్లమన్నట్టు తల ఊపింది.

"అమ్మా, మా నాన్న చివరిదాకా మీ గురించే చెప్పేవాడు" అన్నాడతను మెట్టెక్కుతూ. "ఆ పిల్ల లేకపోతే నువ్వు లేవురా అనేవాడు. పిల్ల అనేవాడు మిమ్మల్ని."

"ఆయనకు పిల్లనే కదా అప్పుడు" అంది ఆవిడ.

ఇంజను కూత వేసింది. అవసరమైన కూత ఒకటే. రెండోది ఎందుకు వేశాడో స్టేషను మాస్టరు అడగలేదు.

బండి చివరి పెట్టె కనుమరుగయ్యాక ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. భర్త కళ్లజోడు సవరించుకుని కెమెరా తెర చూశాడు.

"వాడి ముఖం కంటే ఆ టార్చే బాగా పడింది."

"పడనివ్వండి. ఆ సాయంత్రం కరెంటు తీసింది మీరు. నాకున్న వెలుగు అదొక్కటే."

ఆయన వాదించలేదు. ఈసారి ఒప్పుకున్నాడనే ఆవిడ లెక్క.

ఇంటికెళ్లాక మిగతా మూడు కార్డుల మీది ప్లాస్టర్లన్నీ ఊడబీకి, వాటి డబ్బాల మీద అంటించింది. నాలుగో డబ్బా మాత్రం ఏ చీటీ లేకుండా, ప్రశంసాపత్రం కింద అలమారలో ఉంది. ఇంటికొచ్చినవాళ్లు ముందు ప్రశంసాపత్రం చూస్తారు. ఆవిడ మాత్రం ముందు డబ్బా తెరుస్తుంది.